యూనివర్సిటీలో ఎదిగిన ఫ్యాషన్: ఇండోనేషియా ముస్లిం అమ్మాయిల బట్టల కథ

(ఒక మహిళా డిగ్రీ కాలేజీలో ఫ్యాషన్ డిజైన్, చరిత్ర విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. అస్సలాము అలైకుమ్.

మైకు వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇస్లామిక్ ఉన్నత విద్య గురించి, ముస్లిం వస్త్రధారణ గురించి కలిపి మాట్లాడమన్నారు. ఈ రెండూ ఒకే గంటలో అనగానే, ఏది వేసుకోవచ్చు, ఏది వేసుకోకూడదు అని ఒక జాబితా చదువుతారేమో అనుకుని ఉంటారు మీలో చాలామంది. నేను ఆ పనికి రాలేదు. బట్టల చరిత్ర చెప్పుకునే మనిషిని నేను. ఒక గుడ్డ కనిపిస్తే ఎవరు నేశారు, రంగు ఎలా పట్టింది, ఎవరు ఏం ఆలోచించి కట్టుకున్నారు, ఇవే నాకు ముందు తట్టే ప్రశ్నలు. నేను హిజాబ్ కట్టుకోను. కట్టుకునే వాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ఇద్దరం కలిసి చూడాల్సిన విషయం ఇది.

ఆడపిల్ల చదువుకుంటే ముసుగు దానంతట అదే పోతుందని మనలో ఒక నమ్మకం ఉంది. దాన్ని పరీక్షించి చూసుకున్న వాళ్ళు తక్కువ. ఇండోనేషియాలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. అమ్మమ్మలు ముందు జుట్టు కనిపించేలా పల్చటి వస్త్రం ఒకటి తల మీద వేసుకుని తిరిగారు. మనవరాళ్ళు యూనివర్సిటీకి వెళ్ళి, పుస్తకాలు చదివి, వాదించుకుని, హిజాబ్ కట్టుకుని ఇంటికొచ్చారు. ఇదేం వేషమని కొన్ని ఇళ్ళల్లో తల్లిదండ్రులే గొడవపడ్డారు. ఆ తరమే తర్వాత ఒక పెద్ద ఫ్యాషన్ పరిశ్రమకు పునాది వేసింది.

ఇండోనేషియానే ఎందుకంటే, దాదాపు 28 కోట్ల మంది ఉన్న దేశం అది, అందులో 87 శాతం దాకా ముస్లింలు. మైనంతో అద్దే బాతిక్, జరీ నేత సోంగెట్, పోగులకు ముందే రంగు అద్ది నేసే ఇకత్ లాంటి గొప్ప చేనేత, అద్దకం సంప్రదాయాలున్న దేశం కూడా. ఇస్లామిక్ చదువూ బట్టల పనితనమూ ఒకే చోట ఇంత దగ్గరగా కలిసి కనిపించడం అరుదు.

మొదట ఆ అమ్మమ్మల దగ్గరికి వెళ్దాం. పాత ఫొటోలు చూస్తే జావా స్త్రీ కెబాయా అనే జాకెట్టు, నడుము నుంచి కిందికి బాతిక్ వస్త్రం, తల మీద కెరుదుంగ్ అనే పల్చటి ఓణీ లాంటిది వేసుకుని ఉంటుంది. మెడ కనిపిస్తుంది, సిగ కనిపిస్తుంది. వీళ్ళకు భక్తి తక్కువేమీ కాదు. పెసంత్రెన్ అని అక్కడ మత గురుకులాలుంటాయి, వాటిని నడిపిన పండితుల ఇళ్ళల్లోని ఆడవాళ్ళు కూడా ఇలాగే ఉండేవారు. 1999లో దేశాధ్యక్షుడైన అబ్దుర్రహ్మాన్ వాహిద్ అలాంటి పండితుల వంశంలో పుట్టినవారు. ఆయన భార్య సింతా నూరియ్యా ఆ వదులు కెరుదుంగ్‌తోనే జనం ముందుకు వస్తారు. ఆవిడ జావాలోని యోగ్యకర్త నగరంలో ఉన్న ప్రభుత్వ ఇస్లామిక్ విద్యాసంస్థలో షరియా చదువుకున్న మనిషి. మతం చదివిన వాళ్ళంతా ఒకే రకంగా తల కప్పుకోవాలన్న లెక్క అక్కడ ఎప్పుడూ లేదు. ఇది మనసులో పెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

ఆ విద్యాసంస్థల కథ క్లుప్తంగా చెప్తాను. స్వాతంత్ర్యం ప్రకటించుకోవడానికి నెలన్నర ముందు, 1945 జూలైలో, జకార్తాలో ఒక ఇస్లామిక్ కాలేజీ మొదలైంది. మరుసటి ఏడాది యోగ్యకర్తకు మారి, అక్కడే యూనివర్సిటీగా ఎదిగింది. ప్రభుత్వం తనవంతుగా 1950ల మొదట్లో యోగ్యకర్తలో ఒక సంస్థ, 1957లో జకార్తాలో మరొకటి పెట్టింది. 1960లో రెండిటినీ కలిపి ఐఏఐఎన్, అంటే ప్రభుత్వ ఇస్లామిక్ విద్యాసంస్థ, అనే పేరుతో ఒకే సంస్థ చేశారు. ఇలాంటివే తర్వాత దేశమంతా వచ్చాయి. వీటి మీద అజమాయిషీ ప్రధానంగా మత వ్యవహారాల శాఖది. 2002లో జకార్తా సంస్థ పూర్తి స్థాయి యూనివర్సిటీ అయింది, 2004లో యోగ్యకర్తది అయింది. అలా యూనివర్సిటీలయ్యాక మత శాస్త్రాల పక్కకే సైకాలజీ, సైన్సు వచ్చి చేరాయి, జకార్తాలో వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇవి కాక ముహమ్మదియ్యా అనే సంస్థ ఒక్కటే 150కి పైగా కాలేజీలు, యూనివర్సిటీలు నడుపుతోంది.

ఈ తారీఖులు పరీక్షకు అడగరు, కంగారు పడకండి. లోపల ఏం చెప్పారన్నది ముఖ్యం. 1973లో జకార్తా సంస్థకు రెక్టర్‌గా, అంటే అధిపతిగా, వచ్చిన హారూన్ నసూతియోన్ కైరోలోనూ కెనడాలోని మెక్‌గిల్‌లోనూ చదివినవారు. ఒకే ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని బట్టీ పట్టించే పద్ధతిని ఆయన మార్చారు. ఇస్లాంలో ఎన్ని ఆలోచనా ధోరణులున్నాయో అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదవాలన్నారు. తత్వశాస్త్రం, సూఫీ మార్గం, ధర్మశాస్త్రాల చరిత్ర, అన్నీ పాఠాలయ్యాయి. 1990లలో అక్కడే రెక్టర్‌గా చేసిన ఖురైష్ షిహాబ్ కైరోలోని ప్రసిద్ధ ఇస్లామిక్ విశ్వవిద్యాలయం అల్ అజ్‌హర్‌లో డాక్టరేట్ చేసిన ఖురాన్ వ్యాఖ్యాత. స్త్రీ తల కప్పుకోవడం గురించి పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయని, దేన్నీ దాచకుండా అన్నీ విద్యార్థి ముందు పెట్టాలని ఆయన వాదన. దీనికి ఆయన విమర్శలూ తిన్నారు. ఆయన కూతురు నజ్వా షిహాబ్ ఆ దేశంలో పేరున్న టీవీ జర్నలిస్టు, తల కప్పుకోరు.

అంటే ఈ సంస్థల్లో చదివిన అమ్మాయికి తల మీద గుడ్డ ఒక ప్రశ్నగా ఎదురైంది. వేసుకున్నా, వేసుకోకపోయినా, ఎలా వేసుకున్నా, ఎందుకో చెప్పగలిగే పరిస్థితి ఏర్పడింది. నిజానికి చాలా ఇస్లామిక్ యూనివర్సిటీల్లో అమ్మాయిలకు హిజాబ్ తప్పనిసరి అన్న నియమం కూడా ఉంది. బిగుతు బట్టలు వద్దు, టీషర్టులు, చెప్పులు వద్దు అని రూల్స్ ఉంటాయి. అడగనిచ్చే పాఠమూ అడగనివ్వని నియమమూ ఒకే గేటు లోపల ఉన్నాయన్నమాట. ఆ పెనుగులాట ఈ కథ పొడుగునా కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మనిషి గురించి చెప్తాను. రహ్మా ఎల్ యూనుసియ్యా. 1900లో పశ్చిమ సుమత్రాలోని పడాంగ్ పంజాంగ్‌లో పుట్టారు. అక్కడ ఉండేది మినాంగ్‌కబావు జనం. వాళ్ళు ముస్లింలు, పైగా ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్ళే సమాజం. ఈ రెండూ కలిసి ఎలా ఉంటాయని ఆశ్చర్యపోతారు గానీ, ఉన్నాయి. రహ్మా మగపిల్లలతో కలిసి చదువుకుంటున్నప్పుడు ఒక ఇబ్బంది గమనించారు. ధర్మశాస్త్రంలో ఆడవాళ్ళ శరీరానికి సంబంధించిన విషయాలు మగ గురువును అడగడానికి ఏ ఆడపిల్లా నోరు తెరవదు. అడగనప్పుడు నేర్చుకునేదేముంటుంది? అందుకని 1923 నవంబరు 1న ఆడపిల్లల కోసమే ఒక బడి పెట్టారు, దినియ్యా పుత్రి అని. మసీదులో మొదలైంది. మొదట చేరిన వాళ్ళలో చాలామంది పెళ్ళయిన ఆడవాళ్ళు.

1926లో భూకంపం వచ్చి ఊరు ఊరంతా కూలిపోయింది, బడీ పోయింది. ఆవిడ ఊళ్ళు తిరిగి చందాలు పోగుచేసి మళ్ళీ కట్టారు. అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న డచ్చి ప్రభుత్వం సాయం చేస్తామంటే వద్దన్నారు, డబ్బు తీసుకుంటే పాఠం కూడా వాళ్ళు చెప్పమన్నట్టు చెప్పాల్సి వస్తుందని.

ఫ్యాషన్ విద్యార్థినులు ఇక్కడ చెవులు రిక్కించండి. ఆ బడిలో అరబ్బీ, ఖురాన్ వ్యాఖ్యానంతో పాటు నేత కూడా నేర్పారు. మగ్గం మీద కూర్చోబెట్టి నేర్పారు. ఆడదానికి సొంత సంపాదన ఉండాలన్నది ఒక కారణం. దాంతో పాటు, తాను కట్టుకునే బట్ట ఎలా తయారవుతుందో తెలియని మనిషికి చదువు సగమే వచ్చినట్టన్న భావన కూడా ఉందని నేను అనుకుంటాను. ఆ బడి పిల్లలు వదులుగా ఉండే బాజు కురుంగ్ అనే పొడుగు పై అంగీ వేసుకుని, తల చుట్టూ ఒక ప్రత్యేక పద్ధతిలో చుట్టి కట్టేవారు. దాన్ని లిలిక్ అంటారు. ఆ కట్టు చూడగానే ఫలానా బడి అమ్మాయని తెలిసిపోయేది.

1955లో కైరో నుంచి అల్ అజ్‌హర్ పెద్ద షేక్ ఆ బడి చూడటానికి వచ్చారు. వెయ్యేళ్ళు దాటిన అల్ అజ్‌హర్‌లో అప్పటికి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. సుమత్రాలో ఒక కొండ ఊళ్ళో ఆడవాళ్ళే నడుపుకుంటున్న మత విద్యాలయం ఆయన కళ్ళబడింది. రెండేళ్ళకు, 1957లో, రహ్మాను కైరోకు పిలిచి షేఖా, అంటే మహిళా మత పండితురాలు, అనే బిరుదు ఇచ్చారు. ఆ గౌరవం అంతకుముందు ఏ స్త్రీకీ దక్కలేదు. 1960ల మొదట్లో అల్ అజ్‌హర్ తన సొంత మహిళా కళాశాల తెరిచింది. కేంద్రం నుంచి అంచులకు జ్ఞానం వెళ్తుందని మనం అనుకుంటాం కదా, ఇక్కడ అంచు నుంచి కేంద్రానికి వెళ్ళింది. అదీ ఒక నేత నేర్పే బడి నుంచి.

ఇక 1980లకు వద్దాం. సైనికాధికారి సుహార్తో దేశాధ్యక్షుడిగా ఏలుతున్న కాలం. 1982లో విద్యాశాఖ ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ ఒకే యూనిఫాం నిర్ణయించింది. హైస్కూలు అమ్మాయికి తెల్ల చొక్కా, బూడిద రంగు స్కర్టు. తల మీద గుడ్డకు అందులో చోటు లేదు. అదే సమయంలో క్యాంపస్‌లలో మరో గాలి వీస్తోంది. బాండుంగ్‌లోని టెక్నాలజీ యూనివర్సిటీ ఎదుట సల్మాన్ మసీదు ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు క్లాసయ్యాక అక్కడ చేరి మతం చదువుకునేవారు. 1979 ఇరాన్ విప్లవం వార్తలు, ఈజిప్టు రచనల అనువాదాలు, సుహార్తో మీద లోలోపలి అసంతృప్తి, అన్నీ కలిసి అమ్మాయిల్లో కొత్త ఆలోచన పుట్టించాయి. ఇది మొదట బలంగా కనిపించింది మతేతర యూనివర్సిటీల్లో అన్నది గుర్తుంచుకోవాలి. ఫిజిక్స్, వైద్యం చదివే అమ్మాయిలు తలను, మెడను పూర్తిగా కప్పే జిల్బాబ్ వేసుకోవడం మొదలుపెట్టారు. హైస్కూలు పిల్లలు వాళ్ళను చూసి వేసుకుంటే బడి నుంచి పంపేశారు, ప్రైవేటు బడికి మారాల్సి వచ్చింది. డిప్లొమా ఫొటోలో చెవులు కనిపించాలన్న నిబంధన మీద ఏళ్ళ తరబడి గొడవలు జరిగాయి. ఆ దశాబ్దం చివర జిల్బాబ్ వేసుకున్న ఆడవాళ్ళు మార్కెట్లో తిండిలో విషం కలుపుతున్నారని పుకార్లు లేచి, దారిన పోయే వాళ్ళను వేధించారు కూడా.

చివరికి 1991లో విద్యాశాఖ నియమం మార్చి, ఇష్టమైన వాళ్ళు వేసుకోవచ్చంది. అప్పట్లో ఇవి షాపుల్లో రెడీమేడ్‌గా వేలాడుతూ దొరికే రోజులు కావు. అమ్మాయిలు గుడ్డ కొనుక్కుని, కత్తిరించుకుని, కుట్టుకుని, ఒకరికొకరు నేర్పుకున్నారు. నిషేధం ఉన్న రోజుల్లో హాస్టల్ గదుల్లో సాగిన ఆ కుట్టుపనిలోనే తర్వాతి పరిశ్రమ వేళ్ళున్నాయని నా అభిప్రాయం.

తర్వాతిది వేగంగా జరిగింది. 1970లలో పాప్ పాటలు పాడిన ఇదా రొయానీ డిజైనర్‌గా మారి ముస్లిం దుస్తులు రూపొందించారు. 1998లో సుహార్తో దిగిపోయాక పత్రికలకు స్వేచ్ఛ వచ్చింది. 2000లలో ముస్లిం స్త్రీల కోసమే ఫ్యాషన్ పత్రికలు వచ్చాయి. 2010 ప్రాంతంలో జకార్తా అమ్మాయిలు హిజాబర్స్ అని ఒక బృందం కట్టి, వీడియోల్లో కట్టు నేర్పడం మొదలుపెట్టారు. డియాన్ పెలాంగి అనే యువ డిజైనర్ జుంపుతాన్ అనే ముడి అద్దకాన్ని, మన బాంధనీకి దగ్గరి చుట్టం అనుకోండి, ఒళ్ళంతా ఇంద్రధనుస్సులా వాడి పేరు తెచ్చుకున్నారు. నలుపు, బూడిద, తెలుపు తప్ప వేరే రంగు ఊహించని వాళ్ళకు అదొక పెద్ద మార్పు. బాండుంగ్‌లో ఇస్లామిక్ ఫ్యాషన్ నేర్పడానికే ఒక సంస్థ వెలిసింది. 2018లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం నేటి ముస్లిం ఫ్యాషన్ మీద పెద్ద ప్రదర్శన పెడితే, అందులో ఇండోనేషియా డిజైనర్ల పని గౌరవంగా నిలిచింది.

మాటలు చాలు, ఒక స్కార్ఫ్ చేతిలోకి తీసుకుందాం. అమ్మా, ముందు వరసలో నువ్వు, ఒక్కసారి ఇలా రా.

ఇది చదరపు స్కార్ఫ్. ఇటూ అటూ 115 సెంటీమీటర్లు. ముందు తలకు బిగుతుగా ఒక టోపీ తొడుగుతారు, చిపుత్ అంటారు. జుట్టును పట్టి ఉంచుతుంది, పైన గుడ్డ జారకుండా ఆపుతుంది. ఇప్పుడు స్కార్ఫ్‌ను మూలకు మూల కలిపి త్రికోణంగా మడవాలి. ఆ మడత అంచు నుదుటి మీదికి. గడ్డం కింద ఒక పిన్ను. ఒక కొస ఛాతీ మీదుగా ఎదుటి భుజం మీదికి, రెండోది వెనక్కి. ఇంతే. అయిపోయిందనుకుంటారు. ఇప్పుడు నుదుటి దగ్గర చూడండి. ఆ అంచు రెండు కనుబొమల మధ్య పైన చిన్న గోపురంలా నిలబడాలి. కళ్ళ మీదికి వాలకూడదు, అలాగని అట్టముక్కలా బిగుసుకోకూడదు. ఇక్కడే గుడ్డ నాణ్యత బయటపడుతుంది. షిఫాన్ జారిపోతుంది. పాలిస్టర్ మెరుస్తుంది గానీ ఆ ఉక్కపోతలో చెమట పీల్చదు. అందుకే అక్కడ వోయల్‌కు అంత గిరాకీ. వోయల్ నూలు పోగును బాగా గట్టిగా పురి పెట్టి నేస్తారు కదా, అందుకే పల్చగా ఉన్నా నిటారుగా నిలుస్తుంది, గాలి ఆడుతుంది. యూనివర్సిటీ అమ్మాయి పొద్దున ఏడింటికి కట్టుకుంటే, మధ్యలో నమాజు కోసం వుజూ చేసుకుని, అంటే ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ కట్టుకుని, సాయంత్రం దాకా అలాగే నిలవాలి. ఎండ, చెమట, నీళ్ళు, మోటారుసైకిల్ మీద హెల్మెట్, ఇవన్నీ తట్టుకోవాలి. దీన్ని డిజైన్ సమస్యగా చూడండి. మన క్లాసుల్లో ఇచ్చే ఏ సమస్యకూ తీసిపోదు.

థాంక్యూ అమ్మా, కూర్చో.

ఇంకొక బట్ట చూపిస్తాను, ఇది మగవాళ్ళది. ముస్లిం ఫ్యాషన్ అనగానే ఆడవాళ్ళ తల మీదికే చూపు పోవడం నాకు నచ్చదు. స్క్రీన్ మీద ఉన్నది సుర్జాన్. యోగ్యకర్తలో వేసుకునే నిలువు కాలరు కోటు. 15, 16వ శతాబ్దాల్లో జావాలో ఇస్లాం వ్యాప్తికి తోడ్పడిన తొమ్మిది మంది సాధువుల్లో సునన్ కలిజాగా ఒకరు. తోలుబొమ్మలాటలతో ధర్మం చెప్పారని, ఈ కోటుకు కూడా ఆయనే రూపమిచ్చారని జావా వాళ్ళు చెప్పుకుంటారు. బొత్తాలు చూడండి. మెడ దగ్గర మూడు జతలు, మొత్తం ఆరు, విశ్వాసపు ఆరు మూలసూత్రాలకు గుర్తు. ఛాతీకి అటొకటి ఇటొకటి, షహాదా అనే విశ్వాస ప్రకటనలోని రెండు వాక్యాలకు. లోపల పైకి కనిపించకుండా మూడు, మనిషి అదుపులో పెట్టుకోవాల్సిన కోరికలకు. అందరికీ కనిపించాల్సింది బయట, తనొక్కడే చూసుకోవాల్సింది లోపల. యోగ్యకర్తలోని ఇస్లామిక్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. ఒక కోటు కుట్టినవాడి పేరు మీద ధర్మశాస్త్రం చెప్పే యూనివర్సిటీ ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది.

బాధ కలిగించేది కూడా ఆ యూనివర్సిటీలోనే జరిగింది. 2018 మార్చిలో రెక్టర్, ముఖం కప్పే నిఖాబ్ వేసుకున్న విద్యార్థినులను లెక్కబెట్టి కౌన్సెలింగ్ చేయాలని, మారకపోతే చదువు మానుకోవాల్సి వస్తుందని ఆదేశించారు. తీవ్రవాద భావాలు పెరుగుతున్నాయన్నది ఆయన భయం. నిరసనలు రావడంతో ఆ నెలలోనే ఆదేశం వెనక్కి తీసుకున్నారు. 2021 జనవరిలో పశ్చిమ సుమత్రాలోని పడాంగ్ నగరంలో దీనికి అటువైపు జరిగింది. ప్రభుత్వ వృత్తి విద్యా పాఠశాలలో ఒక క్రైస్తవ విద్యార్థినిని హిజాబ్ వేసుకోమన్నారు. తల్లిదండ్రులు ఎదురు తిరిగిన వీడియో దేశమంతా తిరిగింది. ఫిబ్రవరిలో ముగ్గురు మంత్రులు కలిసి, ప్రభుత్వ బడుల్లో మతపరమైన దుస్తులను బలవంతం చేయకూడదు, నిషేధించనూ కూడదు అని ఉత్తర్వు ఇచ్చారు. మే నెలలో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవ జెండా వందనం బృందంలోని అమ్మాయిల చేత ప్రమాణం రోజున హిజాబ్ తీయించారని మళ్ళీ పెద్ద రగడ. షరియా చట్టం అమలయ్యే అచె ప్రావిన్సులో చట్టమే దుస్తులు నిర్ణయిస్తుంది.

2022లో మన పక్కనే కర్ణాటకలో కాలేజీల్లో హిజాబ్ వద్దన్నప్పుడు ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పరీక్ష రాయాల్సిన అమ్మాయి గేటు దగ్గర నిలబడిపోయింది. ఆ అక్టోబరులో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇచ్చారు. నా మాట సూటిగా చెప్తాను. తల మీద వేయమని బలవంతం చేసినా, తీయమని బలవంతం చేసినా, ఆ గొడవలో ముందు పోయేది ఆ పిల్ల చదువు. రెండోది, ఆ బట్టను ఎవరూ చూడరు. అదొక జెండా అయిపోతుంది. నేసిన చెయ్యి, ఎంచుకున్న రంగు, అమ్మ నేర్పిన కట్టు, ఇవేవీ ఎవరి కంటికీ ఆనవు.

వ్యాపారం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2016లో అనీసా హసీబువాన్ అనే ఇండోనేషియా డిజైనర్ న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో మోడళ్ళందరికీ హిజాబ్ వేయించి ప్రపంచాన్ని ఆకట్టుకున్నారు. రెండేళ్ళు తిరగకుండానే, భర్తతో కలిసి నడిపిన ఉమ్రా (మక్కా) యాత్రల కంపెనీ పేరుతో అరవై వేల మందికి పైగా యాత్రికులను మోసం చేసిన కేసులో ఆమెకు 18 ఏళ్ళ శిక్ష పడింది. పైసా పైసా కూడబెట్టుకున్న ముసలివాళ్ళ డబ్బు అది. అదే 2016లో ఒక కంపెనీ తమ స్కార్ఫ్‌కు హలాల్ సర్టిఫికెట్ ఉందని ప్రకటన ఇచ్చింది. బట్ట ఉతికే రసాయనాల్లో జంతువుల నుంచి తీసిన పదార్థాలు ఉండొచ్చన్నది వాళ్ళ వాదన. మరి మిగతా స్కార్ఫ్‌లన్నీ హరామా, అంటే నిషిద్ధమా, అని జనం నిలదీశారు. అణకువ కోసమని మొదలైన బట్టను వారానికో రంగు కొనమని అమ్మడం మీద ఇస్లామిక్ యూనివర్సిటీల్లోనే విమర్శ ఉంది. దుబారా వద్దని ఖురాన్ చెప్పింది కదా అని అక్కడి అమ్మాయిలే అడుగుతారు. ఆ ప్రశ్న నాకు విలువైనదిగా అనిపిస్తుంది. ఫ్యాషన్ కాలేజీలన్నీ వేసుకోవాల్సిన ప్రశ్న అది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఇది ఎక్కడో దూరపు కథ అనుకుంటున్నారేమో, ఇండోనేషియా పెసంత్రెన్ కుర్రాడు నమాజుకు కట్టుకునే గళ్ళ లుంగీని అక్కడ సారుంగ్ పలెకాత్ అంటారు. ఆ పేరు పులికాట్ నుంచి వెళ్ళింది. సూళ్ళూరుపేట పక్కనున్న పులికాట్ సరస్సు తెలుసు కదా, దానికి దక్షిణాన ఉన్న రేవు అది. డచ్చి వాళ్ళు 1605లో మచిలీపట్నం వచ్చారు, 1613 నాటికి పులికాట్‌లో కోట కట్టుకున్నారు. ఇక్కడి గుడ్డలు ఓడలకెత్తి అక్కడ లవంగాలకు, జాజికాయలకు మారకం వేశారు. మన కోస్తా అద్దకం బట్టలు సుమత్రా ఇళ్ళల్లో తరతరాలు పెట్టెల్లో దాచుకున్న ఆస్తి అయ్యాయి. చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు వెళ్ళి అక్కడి మగవాళ్ళ తలపాగాలయ్యాయి. నూలును నూనెలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి పిసికి, అప్పుడు ఎరుపు, నలుపు అద్దుతారు. ఆ నూనె వల్ల ఎండలో తల చల్లగా ఉంటుందని పేరు. తెలంగాణలోని పుట్టపాక నేతగాళ్ళ దగ్గర ఆ పని బతికే ఉంది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ముస్లిం ప్రపంచపు ఫ్యాషన్‌లో పద్మశాలీల చెయ్యి, కోస్తా అద్దకం వాళ్ళ చెయ్యి శతాబ్దాలుగా ఉంది. మన ఫ్యాషన్ సిలబస్‌లో ఈ మాట నాకు ఎక్కడా కనపడలేదు, అది నన్ను కలవరపెడుతుంది.

ప్రశ్నలకు టైమ్ ఉందంటున్నారు. వెనకాల చెయ్యెత్తిన అమ్మాయి, అడుగమ్మా.

(విద్యార్థిని: మేడమ్, మేం ఇండోనేషియా వెళ్ళలేం. ఇక్కడే ప్రాజెక్టు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?)

మంచిగా అడిగావు. మూడు దారులు చెప్తాను, నీకు ఏది దగ్గరైతే అది పట్టుకో. హైదరాబాద్‌లో ఇల్లుంటే ఖడా దుపట్టా తీసుకో. ఆరు గజాల దుపట్టా, కుర్తా, చుడీదార్‌తో కట్టే పెళ్ళి దుస్తులు. వాటి ఫొటోలు కోకొల్లలు ఉన్నాయి. కట్టేటప్పుడు మడతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయి, పిన్ను ఎక్కడ పడుతుంది, బరువు ఏ భుజం మీద పడుతుంది, ఇవి కొలిచి, గీసి పెట్టాలి. పాతబస్తీలో వయసైన దర్జీల దగ్గర, పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసే పెద్దవాళ్ళ దగ్గర ఈ లెక్కంతా ఉంది. వెళ్ళేటప్పుడు కెమెరా కన్నా ముందు టేపు, పెన్సిలు పట్టుకెళ్ళు. కృష్ణా జిల్లా వాళ్ళైతే పెడన వెళ్ళండి. మచిలీపట్నం కలంకారీలో పర్షియా పూలతీగలు, మిహ్రాబ్ (మసీదు గోడలోని తోరణపు గూడు) ఆకారాలు ఎందుకున్నాయో అచ్చులు చెక్కేవాళ్ళను అడగండి. నల్గొండ, యాదాద్రి వైపు వాళ్ళకు పుట్టపాక ఉంది. దుబాయ్ నుంచి సెలవులకు వచ్చిన వాళ్ళు ఇళ్ళల్లో ఉంటే, అక్కడి మగవాళ్ళు తల మీద గుడ్డ ఎలా చుడతారో చేయించి చూసి, తేలియా రుమాల్ పరిమాణంతో పోల్చి చూడండి.

ఒక షరతు. మతం గురించి వచ్చిన సందేహం నువ్వే ఊహించి రాయకు. చరిత్ర విభాగంలో, ఉర్దూ విభాగంలో మీ స్నేహితురాళ్ళున్నారు, పక్కనే మదర్సాలో చదువుకున్న వాళ్ళున్నారు. ఇద్దరిద్దరు జంటగా చేయండి, ఒకరు బట్ట తెలిసినవాళ్ళు, ఒకరు గ్రంథం తెలిసినవాళ్ళు. జంటల పేర్లు శుక్రవారం లోపు మీ హెచ్‌ఓడీ మేడమ్‌కు ఇస్తే, పెడన, పుట్టపాకల్లో నాకు తెలిసిన నేత, అద్దకం కుటుంబాలతో నేను మాట్లాడి పెడతాను.